కొత్త కాల్‌కి చోటు, వచ్చే కాల్‌కి చోటు: అడ్మిషన్ కంట్రోల్ సిమ్యులేటర్ ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: 7 సెల్స్ (ఒక్కో టవర్ పరిధి ఒక సెల్) ఉన్న మొబైల్ నెట్‌వర్క్‌కి సిమ్యులేటర్ కట్టాలి. సెల్ నిండుతున్నప్పుడు కొత్త కాల్స్‌ని ఎక్కడ ఆపాలో, పక్క సెల్ నుంచి వచ్చే హ్యాండోవర్ల (మాట సాగుతుండగానే సెల్ మారే కాల్స్) కోసం ఎంత ఖాళీ ఉంచాలో అంకెలతో తేల్చాలి. అడ్మిషన్ కంట్రోల్ అంటే ఇదే. కాల్ అసలు కలవకపోతే జనం విసుక్కుంటారు, మాట మధ్యలో తెగితే తిట్టుకుంటారు. అందుకే కొత్త కాల్ బ్లాకింగ్‌ని కొంచెం పెరగనిచ్చి హ్యాండోవర్ డ్రాపింగ్‌ని బాగా తగ్గించాలి. ఈ బేరంలో ఎంత ఇస్తే ఎంత వస్తుందన్నదే అసలు లెక్క.

పనిముట్లు: పైథాన్, లెక్కలకి నమ్‌పై. ఈవెంట్ల వరసకి సిమ్‌పై సరిపోతుంది గానీ, కాల్ ముగిసే టైమర్‌నీ సెల్ దాటే టైమర్‌నీ మన చేతుల్లో ఉంచుకోవాలంటే మామూలు హీప్ (ముందు జరగాల్సిన ఈవెంట్‌ని పైన ఉంచే జాబితా) మీద సొంతంగా రాసుకోవడమే తేలిక.

దశ 1: ఛానెల్స్ మోడల్

మొదట రేడియో సంగతి పక్కన పెట్టాం. ఒక్కో సెల్‌లో 10 ఛానెల్స్, ఒక కాల్‌కి ఒక ఛానెల్. కాల్ సగటు నిడివి 120 సెకన్లు. ఫోన్ ఒక సెల్‌లో ఉండే సగటు కాలం 480 సెకన్లు. రెండూ ఎక్స్‌పొనెన్షియల్, అంటే ఇప్పటిదాకా ఎంతసేపు గడిచినా ఇంకా మిగిలే సగటు మారదు. కాల్ ముగియడం, సెల్ దాటడం, వీటిలో ఏది ముందొస్తే అప్పుడు ఛానెల్ ఖాళీ అవుతుంది కాబట్టి ఛానెల్ సగటున బిజీగా ఉండేది 1 ÷ (1/120 + 1/480) = 96 సెకన్లు. కాల్ ముగిసేలోపు సెల్ దాటే సంభావ్యత 120 ÷ (120 + 480) = 0.2.

కొత్త కాల్స్ సగటున 24 సెకన్లకొకటి వస్తే అది 96 ÷ 24 = 4 ఎర్లాంగ్‌లు (చోటుకి కొరత లేకపోతే సగటున ఒకేసారి బిజీగా ఉండే ఛానెల్స్ సంఖ్య). హ్యాండోవర్లు 96 సెకన్లకొకటి చొప్పున 1 ఎర్లాంగ్. మొత్తం 5.

సిమ్యులేటర్ కంటే ముందు ఫార్ములా రాసుకోవాలి, లేకపోతే సిమ్యులేటర్ ఏ అంకె ఇచ్చినా నిజమే అనిపిస్తుంది. ఛానెల్స్ అన్నీ నిండి కాల్ బ్లాక్ అయ్యే సంభావ్యతని ఇచ్చే ఎర్లాంగ్ బి ఫార్ములా 1917 నాటిది. ఫ్యాక్టోరియల్స్ వేయకుండా ఒక్కో ఛానెల్ కలుపుతూ పోవచ్చు (ఎ అంటే ఎర్లాంగ్‌లలో లోడు, ఎన్ అంటే ఛానెల్స్ సంఖ్య): బి(0) = 1తో మొదలుపెట్టి, బి(ఎన్) = ఎ × బి(ఎన్−1) ÷ (ఎన్ + ఎ × బి(ఎన్−1)). ఛానెల్స్ వందల్లో ఉన్నా ఇది ఓవర్‌ఫ్లో అవదు. 10 ఛానెల్స్‌కి, 5 ఎర్లాంగ్‌లకి 1.84% వస్తుంది.

తర్వాత గార్డ్ ఛానెల్స్. సెల్యులార్ నెట్‌వర్క్‌లో ఈ పద్ధతిని 1986లో హాంగ్, రాపాపోర్ట్ విశ్లేషించారు. చివరి కొన్ని ఛానెల్స్‌ని హ్యాండోవర్లకే ఉంచుతారు. మార్కోవ్ చైన్‌లో (ఎన్ని ఛానెల్స్ నిండి ఉన్నాయన్న స్థితుల గొలుసు) మారేదొక్కటే: గార్డ్ గీత దాటాక రాక రేటు 5 నుంచి 1కి పడిపోతుంది. పై లోడుకి చేత్తో వేసిన లెక్క:

గార్డ్ 0: కొత్త కాల్ బ్లాకింగ్ 1.84%, హ్యాండోవర్ డ్రాపింగ్ 1.84%
గార్డ్ 1: 4.10%, 0.37%
గార్డ్ 2: 7.79%, 0.077%
గార్డ్ 3: 13.5%, 0.016%

మొదటి గార్డ్ ఛానెల్ మంచి బేరం. డ్రాపింగ్ ఐదో వంతుకి దిగింది, బ్లాకింగ్ రెండింతలకి కాస్త పైన ఆగింది. మూడోది దండగ. 0.077%ని 0.016% చేయడానికి దాదాపు 6% కొత్త కాల్స్‌ని వెనక్కి పంపాలా?

లక్ష్యం "డ్రాపింగ్ 1% దాటకూడదు" అయితే గార్డ్ 0 చాలదు, గార్డ్ 1 మరీ ఎక్కువ. అక్కడ భిన్నపు గార్డ్ పనికొస్తుంది: 9 ఛానెల్స్ నిండి ఉన్నప్పుడు వచ్చిన కొత్త కాల్‌ని పాచిక వేసి 0.42 సంభావ్యతతో తీసుకోవాలి. డ్రాపింగ్ సరిగ్గా 1% దగ్గర నిలుస్తుంది, బ్లాకింగ్ 4.1% బదులు 3.1%. ప్రోగ్రాంలో ఇది ఒక్క లైను మార్పు, ఇంత చవకైన మెరుగుదల ఈ రంగంలో అరుదు.

ఫార్ములాకీ సిమ్యులేటర్‌కీ తేడా వచ్చే చోట్లు

హ్యాండోవర్ రేటు 1 ఎర్లాంగ్ అని పైన స్థిరంగా తీసుకున్నాం. నిజానికి బ్లాక్ అయిన కాల్ హ్యాండోవర్ అవదు. గార్డ్ పెంచితే లోపలికొచ్చే కాల్స్ తగ్గి, పక్క సెల్స్‌కి వెళ్లే హ్యాండోవర్లూ తగ్గుతాయి. కాబట్టి హ్యాండోవర్ లోడుని ఊహించి, బ్లాకింగ్ లెక్కగట్టి, దాన్నుంచి మళ్లీ హ్యాండోవర్ లోడు తీసి, రెండూ కలిసేదాకా తిప్పాలి. గార్డ్ 1కి అది 0.96 ఎర్లాంగ్ దగ్గర నిలుస్తుంది. అప్పుడు బ్లాకింగ్ 3.95%, డ్రాపింగ్ 0.35%. సిమ్యులేటర్ ఇవ్వాల్సింది ఈ అంకెలు. 4.10% కోసం ఎదురుచూస్తూ లేని బగ్‌ని వెతకడం వృథా.

అంచు సెల్స్. 7 సెల్స్‌ని బల్ల మీద పరిచినట్టు వదిలేస్తే మధ్య సెల్‌కి 6 పొరుగు సెల్స్, చుట్టూ ఉన్నవాటికి మూడేసి. బయటి సెల్స్‌కి హ్యాండోవర్లు తక్కువొచ్చి సగటు అందంగా కనిపిస్తుంది. ఒక అంచు దాటిన ఫోన్ ఎదుటి అంచు సెల్‌లోకి వచ్చేలా చుట్టేయాలి. అప్పుడు ప్రతి సెల్‌కీ మిగతా ఆరూ పొరుగువే.

టైమర్లు. ఒక కాల్‌కి ముగింపు టైమర్, సెల్ దాటే టైమర్ రెండూ వరసలో ఉంటాయి. ఒకటి పేలగానే రెండోదాన్ని రద్దు చేయకపోతే ఒకే ఛానెల్ రెండుసార్లు విడుదలవుతుంది, బిజీ లెక్క నిజం కంటే తక్కువ చూపిస్తుంది, బ్లాకింగ్ నమ్మలేనంత తక్కువగా వస్తుంది. ప్రతి ఈవెంట్ తర్వాత బిజీ లెక్క 0కీ 10కీ మధ్యే ఉందా, బతికున్న కాల్స్ సంఖ్యతో సరిపోతోందా అని పరీక్ష పెట్టాలి. ఫలితం చెడిపోయే బగ్ కంటే బాగుపడే బగ్ ప్రమాదం, దాన్నెవరూ వెతకరు.

సెల్‌లో ఉండే కాలానికి ఎక్స్‌పొనెన్షియల్ బదులు గామా పెడితే ఇంకో చిక్కుంది. హ్యాండోవర్ అయి వచ్చిన ఫోన్‌కి పూర్తి కాలం వర్తిస్తుంది. కొత్త కాల్ మొదలుపెట్టిన ఫోన్ అప్పటికే సెల్‌లో కొంతసేపు ఉంది, దానికి వర్తించేది మిగిలిన కాలమే. ఎక్స్‌పొనెన్షియల్‌లో రెండూ ఒకటే కాబట్టి అప్పటిదాకా ఈ తేడా బయటపడదు.

ఎంతసేపు నడపాలి? డ్రాపింగ్ అరుదైన ఘటన. కనీసం 100 డ్రాప్‌లు లెక్కలోకి వస్తేనే పొరపాటు 10% దరిదాపుల్లో ఉంటుంది. డ్రాప్‌లు గుంపులుగా వస్తాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే కావాలి. గంటకి ఒక సెల్‌లోకి 37.5 హ్యాండోవర్లు. గార్డ్ 1కి 100 డ్రాప్‌లు చూడాలంటే 7 సెల్స్‌తో 102 సిమ్యులేషన్ గంటలు, గార్డ్ 2కి 494 గంటలు. సెల్స్ ఖాళీగా మొదలవుతాయి కాబట్టి మొదటి గంట లెక్కలోంచి తీసేయాలి. కాల్ రాకకి, నిడివికి, కదలికకి వేర్వేరు ర్యాండమ్ స్ట్రీములు పెడితే రెండు పాలసీలని ఒకే ట్రాఫిక్ మీద పోల్చొచ్చు.

దశ 2: ఛానెల్ పోయి పీఆర్‌బీ వచ్చింది

ఎల్‌టీఈలో (4జీ) కాల్‌కి కేటాయించిన ఛానెల్ అంటూ ఉండదు. 10 మెగాహెర్ట్జ్ క్యారియర్‌లో ప్రతి మిల్లీసెకనుకీ 50 పీఆర్‌బీలు (ఫిజికల్ రిసోర్స్ బ్లాకులు, అంటే బేస్ స్టేషన్‌లోని షెడ్యూలర్ ఫోన్లకి పంచే రేడియో ముక్కలు). వాయిస్ కోడెక్ (మాటని బిట్లుగా మార్చేది) 20 మిల్లీసెకన్లకొక ఫ్రేము పంపుతుంది, అంటే ఒక ఫ్రేము వ్యవధిలో సెల్ దగ్గర 1000 పీఆర్‌బీలు ఉంటాయి. ఒక కాల్‌కి వీటిలో ఎన్ని ఖర్చవుతాయి?

ఏఎంఆర్ వైడ్‌బ్యాండ్ 12.65 కోడెక్‌లో ఫ్రేము 253 బిట్లు. పేలోడ్ హెడర్‌తో కలిపి 33 బైట్లు. ఐపీవీ6, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు 60 బైట్లు, సరుకు కంటే సంచి బరువెక్కువ. రోక్ హెడర్ కంప్రెషన్ దాన్ని సుమారు 3 బైట్లకి కుదిస్తుంది. కింది లేయర్ల హెడర్లకి ఇంకో 4. మొత్తం 40 బైట్లు, అంటే 320 బిట్లు, తప్పులు పట్టే సీఆర్‌సీ బిట్లు 24 కలిపితే 344. రోక్ ఆఫ్‌లో ఉంటే ఇదే 800. అడ్మిషన్ పాలసీ ఎంత తెలివైనదైనా ఈ స్విచ్ ముందు చిన్నదే. ముందు ఇది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

ఒక పీఆర్‌బీలో మిల్లీసెకనుకి 168 రిసోర్స్ ఎలిమెంట్లు (అతి చిన్న రేడియో గళ్లు). 3 సింబల్స్ (కాలపు ముక్కలు, ఒక్కోదానిలో 12 ఎలిమెంట్లు) కంట్రోల్‌కి, మిగిలినవాటిలో రెండు యాంటెనాల రిఫరెన్స్ సిగ్నల్స్‌కి 12 పోతే డేటాకి మిగిలేవి 120. ఇక సీక్యూఐ (ఫోన్ చెప్పే సిగ్నల్ నాణ్యత అంకె) పట్టికలోని సామర్థ్యంతో, అంటే ఒక్కో ఎలిమెంట్‌కి పట్టే బిట్లతో గుణిస్తే:

సీక్యూఐ 11 (3.3223): పీఆర్‌బీకి 398 బిట్లు, కాల్‌కి 1 పీఆర్‌బీ
సీక్యూఐ 7 (1.4766): 177 బిట్లు, కాల్‌కి 2
సీక్యూఐ 2 (0.2344): 28 బిట్లు, కాల్‌కి 13

టవర్ దగ్గరి కాల్‌కి 1, సెల్ అంచున ఉన్న కాల్‌కి 13. సిమ్యులేటర్‌లో కాల్స్‌ని 60%, 30%, 10%గా ఈ మూడు తరగతుల్లో పంచాం. సగటు కాల్‌కి 2.5 పీఆర్‌బీలు వచ్చింది, అందులో 1.3 ఆ పదిశాతం అంచు కాల్స్‌దే. సగానికి పైగా లోడు పదో వంతు కాల్స్ నుంచి వస్తోంది.

సగటుతో పరిమితి పెట్టకూడదన్నది ఇక్కడే తేలుతుంది. వాయిస్‌కి 1000లో 500 పీఆర్‌బీలు ఇచ్చామనుకుందాం. 500 ÷ 2.5 = 200 కాల్స్ అనేస్తే, ఆ లోడు సగం సేపు 500 దాటుతుంది. ఒక్కో కాల్ ఖర్చుకి స్టాండర్డ్ డీవియేషన్ 3.53. సగటుకి రెండు డీవియేషన్లు కలిపి 500 లోపు ఉంచాలంటే 163 కాల్స్ దగ్గర ఆగాలి. మాట్లాడేది సగం సేపే అనుకుంటే ఆ పరిమితి 320, రెట్టింపు 326 కాదు. మౌనం సగటుని సగం చేస్తుంది గానీ చెదురుని సగం చేయదు.

హార్క్ రీట్రాన్స్‌మిషన్లకి (చెడిన ప్యాకెట్లని మళ్లీ పంపడానికి) పైన ఇంకో 10% కలుపుకోవాలి. ఈ లెక్కల్లో అది కలపలేదు.

పీఆర్‌బీలు మిగిలున్నా కాల్స్ ఇబ్బంది పడే చోటొకటుంది: కంట్రోల్ ఛానెల్. 10 మెగాహెర్ట్జ్‌లో 3 సింబల్స్‌కి, మామూలు సెట్టింగ్స్‌తో 41 సీసీఈలు (కంట్రోల్ ఛానెల్‌లో చోటుని కొలిచే ముక్కలు) వస్తాయి. అంచు ఫోన్‌కి ఒక్క గ్రాంట్ (ఏ పీఆర్‌బీలు నీవో చెప్పే ఆదేశం) చెప్పడానికే 8 కావాలి. మిల్లీసెకనుకి అలాంటివి 5 మించి పట్టవు, అందులోనే అప్‌లింక్, డౌన్‌లింక్ రెండూ. వాయిస్‌కి సెమీ పర్సిస్టెంట్ షెడ్యూలింగ్ (ఒకసారి చెప్పిన కేటాయింపునే పదేపదే వాడడం) 20 మిల్లీసెకన్ల విరామంతో పెడితే ప్రతి ఫ్రేముకీ గ్రాంట్ పంపాల్సిన పని తప్పుతుంది. రెండు ఫ్రేములు కలిపి 40 మిల్లీసెకన్లకొకసారి పంపినా గ్రాంట్లు సగమవుతాయి, కాకపోతే డిలే బడ్జెట్‌లోంచి 20 మిల్లీసెకన్లు పోతాయి.

దశ 3: గార్డ్‌ని దేనితో కొలవాలి

ప్రాజెక్టులో ఎక్కువ నేర్పిన దశ ఇదే. దశ 1లో గార్డ్ అంటే "ఒక ఛానెల్". పీఆర్‌బీల్లో ఒక కాల్‌కి సగటు 2.5 కాబట్టి రెండు కాల్స్ గార్డ్ అంటే 5 పీఆర్‌బీలు అని రాస్తే ఏమవుతుంది? ఒక్క హ్యాండోవర్ కూడా అందులో పట్టదు. హ్యాండోవర్ కాల్ ఎప్పుడూ సెల్ అంచు మీదే దిగుతుంది. అడ్మిషన్ అడిగే క్షణంలో దాని ఖర్చు 13, టవర్ వైపు వస్తేనే అది 1కి దిగుతుంది. కొత్త కాల్స్ మాత్రం సెల్ అంతటా పుడతాయి.

గార్డ్ అసలు లేకపోతే సంగతి ఇంకా తలకిందులు. సెల్‌లో 12 పీఆర్‌బీలు ఖాళీ ఉంటే 1, 2 పీఆర్‌బీల కొత్త కాల్స్ హాయిగా లోపలికొస్తాయి, 13 కావాల్సిన హ్యాండోవర్ బయట పడుతుంది. ఎవర్ని కాపాడాలనుకున్నామో వాళ్లే ముందు తెగిపోతారు. దశ 1లో గార్డ్ 0 అంటే ఇద్దరికీ సమాన శిక్ష. ఇక్కడ అలా కాదు, గార్డ్ లేకపోవడమే హ్యాండోవర్లకి వ్యతిరేకమైన పాలసీ.

దీన్ని సరిచూసుకోవడానికి ఎర్లాంగ్ బి చాలదు. వేర్వేరు వెడల్పుల కాల్స్‌కి 1981లో వచ్చిన కాఫ్‌మన్–రాబర్ట్స్ రికర్షన్ ఉంది: జె యూనిట్లు నిండి ఉండే సంభావ్యతని జెతో గుణిస్తే, అది ప్రతి తరగతికీ (లోడు × వెడల్పు × అంత వెడల్పు వెనకున్న స్థితి సంభావ్యత) మొత్తానికి సమానం. గార్డ్ లేని కేసుకి ఇది కచ్చితం, సిమ్యులేటర్‌ని దీంతో కొలిచాకే గార్డ్ పెట్టాలి. గార్డ్ పెట్టాక ఈ ఫార్ములా ఉజ్జాయింపు మాత్రమే. సిమ్యులేటర్ మాట వినాలి.

ఇప్పుడున్న సెట్టింగ్: హ్యాండోవర్‌కి పరిమితి 500, కొత్త కాల్‌కి 474. మధ్యలో ఉన్న 26 అంటే రెండు అంచు కాల్స్. అందులో రెండో అంచు కాల్‌కి పాచిక పద్ధతి.

పింగ్‌పాంగ్‌ని కూడా ఇక్కడే కట్టడి చేయాలి. ఏ3 ఈవెంట్‌కి (పక్క సెల్ సిగ్నల్ ఇప్పటి సెల్ కంటే మెరుగని ఫోన్ చెప్పడం) హిస్టరిసిస్ (ఎంత మెరుగ్గా ఉండాలన్న అదనపు తేడా) తక్కువ, టైమ్ టు ట్రిగ్గర్ (ఆ తేడా ఎంతసేపు నిలవాలన్నది) 40 మిల్లీసెకన్లు పెడితే సరిహద్దు మీద ఉన్న ఫోన్ అటూ ఇటూ దూకుతూ ప్రతిసారీ గార్డ్‌లోంచి 13 అడుగుతుంది. హ్యాండోవర్ లోడు పెరిగిందని గార్డ్ పెంచడం తప్పు వైద్యం. 3 డీబీ, 320 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి చూడాలి. మరీ పెంచితే వేగంగా వెళ్లే ఫోన్ హ్యాండోవర్ అడిగేలోపే పాత సెల్ సిగ్నల్ కోల్పోతుంది. అలా తెగిన కాల్‌ని అడ్మిషన్ ఖాతాలో రాయకూడదు. లాగ్‌లో రెండు వేర్వేరు కౌంటర్లు పెట్టాం: చోటు లేక తెగినవి, సిగ్నల్ లేక తెగినవి.

దశ 4: లోడు కొలత ఆలస్యం

నిజమైన బేస్ స్టేషన్‌కి ప్రతి కాల్ రేపు ఎంత తింటుందో తెలియదు. వాడకాన్ని కొలిచి నిర్ణయించాలి. ప్రతి 100 మిల్లీసెకన్లకీ కొలిచి, పాతదానికి 0.9, కొత్తదానికి 0.1 బరువుతో సగటు తీస్తున్నాం. కుదుపులు తగ్గాయి గానీ ఆలస్యం వచ్చింది: ఒక కాల్ లోపలికొచ్చిన 300 మిల్లీసెకన్లకి దాని లోడులో 27% మాత్రమే మీటర్‌లో కనిపిస్తుంది, సెకనుకి 65%, 90% కనిపించడానికి 2.2 సెకన్లు. ఈలోపు ఒక రైలు సెల్‌లోకి వచ్చి పది హ్యాండోవర్లు ఒక్కసారి అడిగితే ప్రతిదానికీ పాత ఖాళీనే కనిపిస్తుంది. అన్నీ లోపలికొచ్చి, అందరి వాయిసూ ముక్కలవుతుంది.

విరుగుడు చిన్నదే. కాల్‌ని ఒప్పుకోగానే దాని అంచనా ఖర్చుని "ఇంకా కనిపించని లోడు" అనే ఖాతాలో వేసి, ప్రతి కొలతకీ ఆ ఖాతాని 0.9తో గుణించాలి. మీటర్‌లో పెరిగే భాగం, ఖాతాలో తరిగే భాగం కలిపితే ఎప్పుడూ పూర్తి ఖర్చే. ఖాతా తరుగుదల గుణకం, మీటర్ గుణకం ఒకటే అయి ఉండాలి. వేరైతే మొత్తం అటో ఇటో తూలుతుంది. కాల్ ముగిసినప్పుడు ఇదే పని రుణ గుర్తుతో.

ఇంకో సంగతి: కొలవాల్సింది హామీ ఉన్న బేరర్ల (బిట్ రేటు హామీతో వచ్చే వాయిస్ లాంటి కనెక్షన్ల) పీఆర్‌బీలనే, మొత్తం వాడకాన్ని కాదు. ఒక్క ఫోన్ పెద్ద ఫైలు దింపుకుంటున్నా సెల్ 100% నిండినట్టే కనిపిస్తుంది, ఖాళీ ఉన్నదంతా షెడ్యూలర్ దానికే ఇస్తుంది కాబట్టి. మొత్తం వాడకం చూసి నిర్ణయిస్తే ఒక్క వాయిస్ కాల్ కూడా లోపలికి రాదు.

దశ 5: క్యూసీఐ, ఏఆర్‌పీ

ఈ రెండింటినీ కలిపేయడం తరచూ కనిపిస్తుంది. క్యూసీఐ (బేరర్ సేవ తరగతి) షెడ్యూలర్‌కి, ఏఆర్‌పీ (చోటు ముందు ఎవరికివ్వాలన్న హోదా) గుమ్మానికి. లోపలికొచ్చాక ప్యాకెట్ల వరసలో ఏఆర్‌పీకి పాత్ర లేదు.

వాయిస్ క్యూసీఐ 1: హామీ బిట్ రేటు, ఆలస్యం గరిష్ఠంగా 100 మిల్లీసెకన్లు, ప్యాకెట్ నష్టం 10⁻². కోర్ నెట్‌వర్క్ వైపు 20 మిల్లీసెకన్లు తీసేస్తే రేడియోకి మిగిలేది 80. వీడియో కాల్ క్యూసీఐ 2: 150 మిల్లీసెకన్లు, 10⁻³. ఐఎంఎస్ సిగ్నలింగ్ (కాల్‌ని కలిపే సందేశాలు) క్యూసీఐ 5: హామీ రేటు లేదు, కానీ వాయిస్, వీడియోల కంటే ముందు వరస. సిమ్యులేటర్‌లో ఒక వాయిస్ ప్యాకెట్ 80 మిల్లీసెకన్లు దాటి క్యూలో ఉంటే పారేసి నష్టంగా రాస్తాం. పంపినా అవతలి ఫోన్‌లో ప్యాకెట్లని సర్ది వినిపించే జిట్టర్ బఫర్ దాన్ని వాడుకోదు.

ఏఆర్‌పీలో 1 నుంచి 15 దాకా స్థాయిలు, చిన్న అంకె పెద్ద హోదా. పోలిక గుర్తు తిరగబడితే ఎమర్జెన్సీ కాల్‌ని మామూలు కాల్ తోసేస్తుంది, దీనికి విడిగా యూనిట్ టెస్ట్ రాయాలి. హోదాతో పాటు ఇంకో రెండు జెండాలు: ఇతరులని తోసే హక్కు ఉందా, తనని తోయనిస్తుందా. తోసేముందు మొత్తం లెక్క వేసుకోవాలి. ఎమర్జెన్సీ హ్యాండోవర్‌కి 13 కావాలి, తోయదగ్గ కాల్స్ ఒక్కోటి 1 చొప్పున తొమ్మిదే ఉన్నాయనుకుందాం. ఒక్కోటి తెంపుకుంటూ పోతే తొమ్మిదీ తెగి, వచ్చిన కాల్ కూడా నిలవదు. ముందు జాబితా తీయాలి, చాలితేనే తెంపాలి, చాలకపోతే ఎవర్నీ ముట్టుకోకూడదు. అంతకన్నా ముందు కోడెక్‌ని 12.65 నుంచి 6.60కి దించి చూడాలి, కాల్ తెగదు, నాణ్యత తగ్గుతుంది.

వాయిస్ బేరర్ మామూలుగా ఫోన్ మోగకముందే ఏర్పడుతుంది. మోగుతున్నంతసేపూ చోటు ఆక్రమించి ఉంటుంది, ప్యాకెట్లు మాత్రం దాదాపు ఉండవు. దశ 1లోని 120 సెకన్లలో మోగే సమయం లేదు, ఇప్పుడు కలిపాం. ఆ కాల్స్ "కనిపించని లోడు" ఖాతాలోంచి 2 సెకన్లలో కరిగిపోయి, ఎత్తగానే ఒక్కసారి లోడుగా పైకొస్తాయి. అందుకే ఖాతా తరుగుదలని కాల్ ఎత్తిన క్షణం నుంచి మొదలుపెట్టేలా మార్చాం.

మిగిలిన పని

వీడియో కాల్స్‌ని కలపాలి. అంచున ఉన్న వీడియో కాల్ ఒక్కటే గార్డ్ మొత్తాన్ని మింగుతుంది, కాబట్టి హ్యాండోవర్‌లో బేరర్లని విడదీసి అడగాలి: వాయిస్‌ని ఒప్పుకుని వీడియోని తిరస్కరించే దారి హ్యాండోవర్ జవాబులోనే ఉంది, ఒప్పుకున్న బేరర్ల జాబితా, ఒప్పుకోనివాటి జాబితా రెండూ వేరుగా వస్తాయి. సిమ్యులేటర్ ఇప్పటిదాకా కాల్‌ని ఒకే ముక్కగా చూస్తోంది. ముందు ఆ క్లాస్‌ని చీల్చాలి, తర్వాత 474ని మళ్లీ వెతకాలి.